ఈసీఆర్ డాబా మీద విందుకు పింగాణీ కొనే ముందు

చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) పక్కన నీలాంకరైలోనో పాలవాక్కంలోనో సముద్రం వైపు ఇంటి డాబా మీద భోజనాలు పెట్టాలనుకుంటే, సెట్టుకు బిల్లు వేయించకముందే ఇవి చూసుకోండి.

– ముందు మెనూ తేల్చుకోండి. చేపల పులుసు ఉందంటే పూర్తి చదును ప్లేటు పనికిరాదు, పులుసు ఒళ్లోకి వస్తుంది. అంచు కాస్త పైకి లేచిన 27 సెంటీమీటర్ల ప్లేటు మన అన్నానికి బాగుంటుంది.

– ప్లేటును లైటుకు ఎదురుగా పట్టి వెనక వేళ్లు కదపండి. పల్చటి మేలు రకం పింగాణీలో వేళ్ల నీడ కనిపిస్తుంది. గోటితో అంచు మీటితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే కంటికి కనబడని పగులుందేమోనని అనుమానించండి. తిరగేసి అడుగు రింగు తడమండి. చాలావాటికి అక్కడ గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, ఉండదు. గరుకుగా తగిలితే, పేర్చినప్పుడు కింది ప్లేటు మీద గీతలు పడతాయి. షాపాయన విసుక్కున్నా సరే, ప్రతి ప్లేటూ చూడాల్సిందే.

– బోన్ చైనాలో పశువుల ఎముకల బూడిద కలుస్తుంది. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు భోజనానికి వస్తుంటే మామూలు పింగాణీయే నయం.

– బంగారు అంచున్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

– పులుపు తగిలే చోట గ్లేజు పైన వేసిన రంగుల బొమ్మలు వద్దు. సీసం లేదని రాసి ఉన్నవే తీసుకోండి. నన్నడిగితే తెల్లవే అందం. శంఖాలు, అలల డిజైన్లు రిసార్టు రెస్టారెంటును గుర్తుచేస్తాయి.

– గాలికి పేపర్ నాప్‌కిన్లు నిలవవు, గుడ్డవి కొనండి. స్పూన్లు కడగ్గానే తుడవాలి, ఉప్పుగాలికి మచ్చలు పడతాయి.

– రెండు మూడు ప్లేట్లు అదనంగా తీసుకోండి. అదే డిజైను మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.