హైవేపై దూకుడుగా నడిపే లారీ డ్రైవర్‌పై ఫిర్యాదు చేయడం ఎలా?

వెనుక అద్దం నిండా లారీ ముందుభాగమే కనిపిస్తూ, హారన్ ఆగకుండా మోగుతూ, తప్పుకుందామంటే పక్క లేన్ ఖాళీ లేని పరిస్థితి హైవేపై కారు నడిపేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. ఇల్లు చేరాక ఫిర్యాదు చేయాలనుకుంటారు గానీ, అప్పటికి గుర్తుండేది తమ కోపం, లారీ రంగు మాత్రమే. ఫిర్యాదు అందుకునే అధికారి అడిగేవి వేరు: ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేసింది. ఈ నాలుగింటినీ కొత్త ప్రమాదం కొనితెచ్చుకోకుండా సేకరించి, తగినవారి ముందు పెట్టడమే ఇక్కడ చేయవలసిన పని.

ముందు లారీకి దూరంగా జరగండి

గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆగడానికి దాదాపు 96 మీటర్లు పడితే, నిండు లోడుతో ఉన్న భారీ ట్రైలర్‌కు దాదాపు 160 మీటర్లు కావాలి. అందువల్ల వెనుక నుంచి ఆనుకుని వస్తున్న లారీకి బుద్ధి చెప్పాలని బ్రేకు తొక్కడం కంటే ప్రమాదకరమైన పని మరొకటి ఉండదు. వేగం పెంచి తప్పించుకోవాలని చూడకుండా, వీలైన వెంటనే సిగ్నల్ ఇచ్చి పక్క లేన్‌లోకి జరిగి, ఆ లారీని ముందుకు పోనివ్వండి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: ముందుకు వెళ్లిన లారీ వెనుక నంబరు మీకు తేలికగా కనిపిస్తుంది. అయితే ఆ నంబరు కోసం దాన్ని వెంబడించకండి. ఒక్క చూపులో దొరికితే సరే, లేకపోతే వదిలేయండి.

లారీ పక్కన ఎక్కువసేపు ఉండిపోవడం కూడా మంచిది కాదు. దాని పక్క అద్దాల్లో డ్రైవర్ ముఖం మీకు కనిపించడం లేదంటే, మీరు కూడా అతనికి కనిపించడం లేదనే అనుకోవాలి.

మీరు తప్పుకున్నా లారీ మిమ్మల్నే వెంటాడుతున్నట్టు అనిపిస్తే, రోడ్డు పక్కన ఒంటరిగా ఆగవద్దు, నేరుగా ఇంటికి వెళ్లవద్దు. మనుషులు, వెలుతురు, కెమెరాలు ఉన్న టోల్ గేటు, పెట్రోల్ బంకు లేదా పోలీసు స్టేషన్ దగ్గరకు చేరి, అద్దాలు ఎక్కించి, తలుపులు లాక్ చేసి, అక్కడి నుంచే ఫోన్ చేయండి. సైగలు చేయడం, దిగి వాదనకు వెళ్లడం వల్ల మీ ఫిర్యాదు కాస్తా ఇద్దరి మధ్య గొడవగా మారిపోతుంది.

దూకుడా, లారీ తీరే అంతా?

ఫిర్యాదు చేయడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవడం న్యాయం. పొడవైన ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలి వైపుగా వస్తాయి కాబట్టి, డ్రైవర్ ముందుగా మలుపుకు వ్యతిరేక వైపుకు జరిగి తిప్పవలసి వస్తుంది. అది మీ మీదికి రావడం కాదు. ఒక లారీ మరో లారీని నిమిషాల తరబడి ఓవర్‌టేక్ చేస్తూ దారి మూసేయడం విసుగు పుట్టించినా, దానికి చాలాసార్లు కారణం వేగ నియంత్రికే (స్పీడ్ గవర్నర్). యూరోపియన్ యూనియన్‌లో భారీ లారీలకు గంటకు 90 కిలోమీటర్ల దగ్గర, భారతదేశంలో చాలా రవాణా వాహనాలకు 80 దగ్గర ఈ పరికరం వేగానికి కళ్లెం వేస్తుంది. రెండు లారీల మధ్య తేడా గంటకు 2 కిలోమీటర్లే అయితే, ఒకటి రెండోదాని కంటే 60 మీటర్లు ముందుకు జరగడానికి 108 సెకన్లు పడుతుంది. చిరాకు పడవచ్చు గానీ, ఫిర్యాదుకు అది చాలదు.

కావాలని ఆనుకుని నడపడం, సిగ్నల్ లేకుండా మీ ముందుకు కోసుకుని రావడం, లేన్ నుంచి బయటికి నెట్టడం, ఎదురు దిశలో రావడం, ఫోన్ చేతిలో పట్టుకుని నడపడం మాత్రం ఫిర్యాదు చేయదగినవే. లారీ పదే పదే లేన్ దాటి ఊగుతుంటే డ్రైవర్ నిద్రమత్తులోనో మద్యం మత్తులోనో ఉండవచ్చు కాబట్టి, మరుసటి రోజు వరకు ఆగకుండా వెంటనే అత్యవసర నంబరుకు చెప్పాలి.

వివరాలు నమోదు చేసుకోండి

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ట్రైలర్ లారీలో లాగే ముందు బండి వేరు, వెనుక ట్రైలర్ వేరు. చాలా దేశాల్లో వీటికి వేర్వేరు రిజిస్ట్రేషన్ నంబర్లు, ఒక్కోసారి వేర్వేరు యజమానులు కూడా ఉంటారు. వెనుక కనిపించిన నంబరు ట్రైలర్‌ది అయితే దానిని బట్టి డ్రైవర్‌ను గుర్తించడానికి చాలా సమయం పట్టవచ్చు. ముందు బండి నంబరు దొరికితే మేలు; దొరకకపోతే, మీరు చూసినది ఏ భాగం మీదో ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

కంటైనర్ మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు చూసి ఆ సంస్థపై ఫిర్యాదు చేసేవారూ ఉన్నారు. అది సాధారణంగా ఓడల సంస్థ పేరే తప్ప లారీ నడిపే సంస్థ పేరు కాదు. ఆ పేరు కంటే కంటైనర్ నంబరే మీకు ఎక్కువ ఉపయోగం: నాలుగు అక్షరాలు, వాటి తర్వాత ఏడు అంకెలు ఉంటాయి. ఆ రోజు ఆ కంటైనర్‌ను ఏ లారీ తీసుకెళ్లిందో దాని ద్వారా తెలుసుకునే వీలుంటుంది. అసలు సంస్థ పేరు కోసం క్యాబిన్ తలుపు మీద చూడాలి. అమెరికాలో రాష్ట్రాల మధ్య తిరిగే వాణిజ్య లారీలన్నీ క్యాబిన్‌కు రెండు వైపులా సంస్థ పేరు, డీఓటీ నంబరు (రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసుకోవాలి; పగటిపూట 50 అడుగుల దూరం నుంచి అవి చదవగలిగేలా ఉండాలి. అది ట్యాంకర్ అయితే, నారింజ రంగు పలక మీదో వజ్రాకారపు గుర్తు మీదో ఉండే నాలుగు అంకెలను గమనించండి. 1203 అంటే పెట్రోల్. అత్యవసర నంబరుకు ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క సంఖ్య చెబితే, అవతలివారికి పరిస్థితి తీవ్రత వెంటనే తెలుస్తుంది.

స్థలం చెప్పేటప్పుడు రహదారి నంబరు, వెళ్తున్న దిశ, దగ్గరలోని కిలోమీటరు రాయి లేదా చివరగా దాటిన ఎగ్జిట్, ఈ మూడూ ఉండాలి. ఇవన్నీ నడిపేవారు రాసుకోవలసినవి కావు. పక్కన కూర్చున్నవారు రాయాలి, లేదా మీరు గట్టిగా పలికితే డాష్‌క్యామ్ (కారులో అమర్చే కెమెరా) శబ్దంలోనే నమోదవుతాయి. డాష్‌క్యామ్ పాత దృశ్యాల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది కాబట్టి, సురక్షితంగా ఆగగానే ఆ క్లిప్‌ను విడిగా దాచుకోండి. దానిని కత్తిరించకుండా, సంఘటనకు ముందు రెండు మూడు నిమిషాలు, తర్వాత రెండు మూడు నిమిషాలు కూడా ఉంచితే, మీరు రెచ్చగొట్టలేదన్న విషయానికి అదే సాక్ష్యం అవుతుంది.

ఎవరికి చెప్పాలి?

ప్రమాదం ఇంకా కొనసాగుతుంటే అత్యవసర నంబరే సరైనది. భారతదేశంలోనూ యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999. భారత జాతీయ రహదారులపై 1033 హెల్ప్‌లైన్ కూడా ఉంది. ముందు స్థలం, దిశ చెప్పి, ఆ తర్వాత లారీ వివరాలు చెప్పండి. మధ్యలో ఫోన్ తెగిపోయినా పోలీసులు ఎటు రావాలో తెలిసి ఉంటుంది.

ముప్పు తప్పిన తర్వాత చేసే ఫిర్యాదు ట్రాఫిక్ పోలీసులకు. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 లోని సెక్షన్ 184 ప్రమాదకరమైన డ్రైవింగ్‌ను నేరంగా పరిగణిస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి పలు నేరాలకు సాధారణంగా 14 రోజుల్లోగా వాహన యజమానికి నోటీసు చేరాలి కాబట్టి, వీడియో పంపడంలో ఆలస్యం పనికిరాదు. అమెరికాలో వాణిజ్య వాహనాల భద్రతను పర్యవేక్షించే కేంద్ర సంస్థకు 1-888-368-7238 నంబరుపై ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఆ సంస్థ దృష్టి డ్రైవర్‌కు జరిమానా వేయడం కంటే, లారీ సంస్థ భద్రతా నిబంధనలు పాటిస్తోందా లేదా అన్న దానిపైనే ఉంటుంది.

చాలామంది వదిలేసే దారి లారీ సంస్థ. నా ఉద్దేశంలో, పోలీసులతో పాటు సంస్థలోని భద్రతా విభాగానికి కూడా రాయడం తప్పనిసరి, ఎందుకంటే ఆ సమయంలో ఆ బండి ఎవరి చేతిలో ఉందో, ఎంత వేగంతో వెళ్లిందో చూపే రికార్డులు వారి దగ్గరే ఉంటాయి. వాటికీ గడువు ఉంటుంది. యూరప్ లారీల్లోని డిజిటల్ టాకోగ్రాఫ్ యంత్రం క్షణక్షణం వేగాన్ని చివరి 24 గంటల డ్రైవింగ్ వరకే దాచుకుంటుంది; అమెరికాలో డ్రైవర్ల పనిగంటల రికార్డులను సంస్థలు ఆరు నెలలు ఉంచాలి. అందుకే ఆ రోజే రాసి, రికార్డులు చెరపకుండా భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరండి.

ఫిర్యాదు రాసే తీరు

"డ్రైవర్ పిచ్చిపట్టినట్టు నడిపాడు" అన్న వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. దాని బదులు ఇలా రాయండి: "ఉదయం 9.40 ప్రాంతంలో, తూర్పు వైపు వెళ్తుండగా, 142వ కిలోమీటరు రాయి దాటాక, ఈ నంబరు గల లారీ సుమారు రెండు నిమిషాల పాటు నా కారుకు ఒక కారు పొడవు కంటే తక్కువ దూరంలో వచ్చి, ఆపై నన్ను దాటి సిగ్నల్ లేకుండా నేనున్న ఎడమ లేన్‌లోకి వచ్చింది. ఢీకొనకుండా ఉండేందుకు నేను గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చింది." చూసినదీ, ఊహించినదీ కలపకండి, వేగం కచ్చితంగా తెలియకపోతే సంఖ్య వేయకండి. మీరు కూడా హారన్ కొట్టి ఉంటే ఆ మాటా రాయండి, ఎందుకంటే వీడియోలో అది ఎలాగూ వినిపిస్తుంది. డ్రైవర్ పేరు మీరు కనుక్కోనవసరం లేదు.

ఫిర్యాదు అందినట్టు నమోదు సంఖ్య తీసుకుని, అవసరమైతే వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధమని తెలపండి. సంస్థ తన ఉద్యోగిపై తీసుకున్న చర్యను మీకు చెప్పకపోవచ్చు. పోలీసుల నుంచి మాత్రం నమోదు సంఖ్య చూపి ఫిర్యాదు ఏ దశలో ఉందో అడగవచ్చు. విచారణ ముగిసేవరకు వీడియోను సామాజిక మాధ్యమాల్లో పెట్టకుండా, అసలు ఫైలును మెమరీ కార్డుతో సహా పక్కన పెట్టి, డాష్‌క్యామ్‌లో వేరే కార్డు వాడుకోండి.