ఇంటి స్టూడియో, 4వ పాఠం: ఫ్రీ అంటూనే అకౌంట్ అడిగితే ఏం చేయాలి?

పోయిన పాఠంలో సింథ్ ప్లగిన్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే వాయిద్యం) ఒకటి దించుకోమన్నాను కదా, మీలో చాలామంది అక్కడే ఆగిపోయి ఉంటారు. ఫ్రీ డౌన్‌లోడ్ అని నొక్కగానే ఈమెయిల్ ఇవ్వు, పాస్‌వర్డ్ పెట్టుకో అంటుంది. కాబట్టి ఇవాళ సౌండ్ జోలికి పోకుండా ఈ అకౌంట్ గొడవ తేల్చేద్దాం.

అన్నీ ఒకే బాపతు కాదు. పాట తయారుచేసే ఎల్ఎమ్ఎమ్ఎస్, సింథ్ అయిన సర్జ్ ఎక్స్‌టీ లాంటివి మీ పేరు కూడా అడగవు, దించుకుని వాడేసుకోవడమే. వైటల్ సింథ్ ఉచిత వెర్షన్‌కి అకౌంట్ కావాలి, కానీ దాని సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద బయటే ఉంది కాబట్టి, దాని నుంచి వేరేవాళ్లు తయారుచేసిన వైటలియంకి ఆ అవసరం లేదు. నొటేషన్ రాసుకునే మ్యూజ్‌స్కోర్ స్టూడియో సైట్‌లో పెద్ద బటన్ నొక్కితే మ్యూజ్ హబ్ (వాళ్ల ఇన్‌స్టాలర్ యాప్) వస్తుంది, హబ్ లేకుండా దించుకునే లింకు దాని కిందే చిన్న అక్షరాల్లో ఉంటుంది. తొందరపడకుండా పేజీ అంతా చూడండి.

అకౌంట్ తప్పదనుకుంటే అసలు ప్రశ్న ఇది: ఒక్క డౌన్‌లోడ్‌కేనా, తెరిచిన ప్రతిసారీనా? నా దృష్టిలో ఈమెయిల్ ఇవ్వడం కంటే ఇదే పెద్ద సమస్య. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కేక్‌వాక్ బై బ్యాండ్‌ల్యాబ్ 2018లో ఉచితంగా వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం, కానీ దాన్ని లాగిన్ అయి యాక్టివేట్ చేయాల్సి వచ్చేది, ఆ యాక్టివేషన్ గడువు తీరితే మీ పాటే అయినా సేవ్ అయ్యేది కాదు. అందుకే ఏది ఇన్‌స్టాల్ చేసినా ముందు వైఫై ఆపేసి తెరవండి, నాలుగు నోట్లు వేసి సేవ్ చేయండి, వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇవాళ పనిచేసింది కదా అని ధీమా పడొద్దు, కొన్నిటికి గడువు వారాల తర్వాత తీరుతుంది, ఆ సంగతి సహాయం పేజీలో ఆఫ్‌లైన్, యాక్టివేషన్ అని వెతికితే తెలుస్తుంది.

ఈమెయిల్ విషయానికొస్తే టెంపరరీ మెయిల్ వాడొద్దు. రేపు పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింకు ఆ మాయమైపోయిన పెట్టెకే వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్ రిలే, సింపుల్‌లాగిన్ లాంటి సర్వీసులు మారుపేరు అడ్రస్ ఇస్తాయి, ఉత్తరాలు మీకే వస్తాయి, విసుగొస్తే ఆపేయొచ్చు. జీమెయిల్‌లో పేరు పక్కన ప్లస్ గుర్తు, దాని తర్వాత సాఫ్ట్‌వేర్ పేరు పెట్టినా మెయిల్ వస్తుంది. దీనివల్ల మీ అసలు అడ్రస్ దాగదు కానీ, ఎవరి దగ్గర్నుంచి బయటికి పొక్కిందో తెలుస్తుంది. పుట్టినతేదీ, ఫోన్ నంబరు లాంటి గడులు తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదిలేయండి (పాట కంపోజ్ చేయడానికి వాళ్లకి నా ఫోన్ నంబరెందుకో!).

అకౌంట్ లేనంత మాత్రాన ఏమీ పంపదని కాదు. సౌండ్ ఎడిట్ చేసే ఆడాసిటీ 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వచ్చాక, వాడకం వివరాలు సేకరించే టెలిమెట్రీ పెడతామన్నారు, జనం గోల చేస్తే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మీ దగ్గర ఏం జరుగుతోందో మీరే చూడొచ్చు: విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో, మ్యాక్‌లో అయితే లూలూతో, లినక్స్‌లో ఓపెన్‌స్నిచ్‌తో (రెండూ ఏ ప్రోగ్రామ్ నెట్‌కి వెళ్తోందో చెప్పే ఫైర్‌వాల్‌లు). అప్‌డేట్ కోసం ఒకసారి పలకరిస్తే కంగారు పడక్కర్లేదు. మీరు వాయిస్తున్నంతసేపూ డేటా పోతూనే ఉంటే మాత్రం సెట్టింగ్స్‌లో అనలిటిక్స్ టిక్ తీసేయండి.

ఈ వారం ఇంటిపని: మీ పాత పాట ఒకటి తీసుకుని ప్రతి ట్రాక్‌నీ విడిగా 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అన్నీ మొదటి బార్ నుంచే మొదలవ్వాలి, లేకపోతే మళ్లీ కలిపేటప్పుడు తాళం తప్పుతుంది. ఫైల్ పేరులో టెంపో రాయండి, మిడి ఫైల్ (ఏ నోటు ఎప్పుడు మోగాలో రాసుండేది) కూడా పక్కన పెట్టుకోండి. తర్వాత వాటిని అకౌంట్ అడగని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పాట సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడండి. 5వ పాఠంలో ఆ ట్రాక్‌ల మీదే ఈక్యూ (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దడం) మొదలుపెడదాం.