గాలపాగోస్ పడవెక్కే ముందు

మన అనంతపురం వాళ్లకు సముద్రం అలవాటు తక్కువ. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దాకా పోయి గాలపాగోస్ దీవుల్లో చిన్న యాట్‌లో తిరగాలనుకుంటే, క్యాబిన్ ఎంచుకునే దగ్గరే జాగ్రత్త పడండి. పై డెక్‌లో పెద్ద కిటికీ ఉన్న గది బాగానే ఉంటుంది, కానీ ఊపు కూడా అక్కడే ఎక్కువ. కింది డెక్‌లో, పడవ నడిమధ్య ఉన్న గది అడగండి. 16 మంది పట్టే ఈ పడవలు దీవి నుంచి దీవికి ఎక్కువగా రాత్రిపూటే పోతాయి. అందుకే డాక్టర్‌ని అడిగి తెచ్చుకున్న వాంతుల మాత్ర లంగరు తీయకముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు. ఖాళీ కడుపుతో పడుకోకండి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో అలలు బాగా ఎక్కువ. భయముంటే మార్చి, ఏప్రిల్ చూసుకోండి.

ఇక సూట్‌కేస్. మనవాళ్లు ఎక్కడికి పోయినా పచ్చి శనక్కాయల సంచి కడతారు కదా, ఈసారి వద్దు. బయటి విత్తనాలు, పండ్లు, మట్టి దీవుల్లోకి రానివ్వరు, విమానమెక్కే ముందే తనిఖీ ఉంటుంది. బూట్ల అడుగు గాడుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకి, కడిగి, ఆరబెట్టండి. దీవుల్లోని నేషనల్ పార్కుకు కట్టే ప్రవేశ ఫీజు 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు 200 డాలర్లు; నోట్లే దగ్గర పెట్టుకోండి. సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) దారికి అడ్డంగా పడుకుంటే దాన్ని లేపకూడదు, 2 మీటర్లు వదిలి మీరే చుట్టూ తిరిగి పోవాలి.