నాగార్జునసాగర్ కాలువ నీళ్ళకి కోత పెట్టినప్పుడు చివరి భూముల రైతులు ముందే చూస్కోవాల్సినవి

నీళ్ళు తక్కువైన ప్రతి ఏడాదీ ఇదే వరస. పై మేజర్ల (పెద్ద పిల్ల కాలువల) వాళ్ళు నాట్లేసి కలుపు కూడా తీస్తుంటారు, చివరి భూముల వాళ్ళు ఇంకా నారుమడి దగ్గరే నిలబడి కాలువ వంక చూస్తుంటారు. వస్తాయిలే అని నాటు పెట్టాక పొట్ట దశలో కాలువ కట్టేస్తే పెట్టుబడంతా మట్టిలోనే. అందుకే నారు పోయకముందే చెయ్యాల్సినవి రాస్తున్నా, ముఖ్యంగా యాసంగి, అంటే దాళ్వా కోసం.

ముందు డ్యామ్ లెవల్ చదవడం తెలుసుకోండి. సాగర్ ఫుల్ లెవల్ 590 అడుగులు, అప్పుడు నీళ్ళు 312 టీఎంసీలు. 510 అడుగులకి దిగినా ఇంకో 131 టీఎంసీల దాకా ఉంటాయి కానీ అది కనీస నీటిమట్టం, ఆ కింద నీళ్ళని మన సాగు లెక్కలో వేసుకోవద్దు. పైనున్న దాంట్లో కూడా తాగునీళ్ళు ముందు పక్కన పెడతారు, హైదరాబాద్‌కి కూడా ఇక్కడి నుంచే పోతాయి, ఆ మిగిలిందే రెండు రాష్ట్రాలు పంచుకోవాలి, 2014 విభజన చట్టంతో వచ్చిన కృష్ణా బోర్డు ముందు ఆ పంపకం మీద ఏటా పేచీనే. కాబట్టి ఆగస్టులో గేట్లెత్తిన వీడియో చూసి దాళ్వా వరికి ధైర్యం చెయ్యకండి, గేట్ల మీంచి పోయిన నీళ్ళు మనవి కావు, వానాకాలం అయ్యాక లెవల్ ఎంతుందో అదే మన లెక్క.

తర్వాత అసలు ప్రశ్న. నీళ్ళు ఇస్తారా ఇవ్వరా అని కాదు, ఎన్ని తడులు, ఏ తారీఖు దాకా, ఎన్ని రోజులు ఆన్ (కాలువ పారేది) ఎన్ని రోజులు ఆఫ్ (కట్టేసేది) అని ఏఈని, అంటే నీటిపారుదల శాఖ ఇంజనీర్‌ని అడగండి, నోటి మాటతో సరిపెట్టుకోకుండా షెడ్యూల్ కాగితం ఫొటో తీసుకోండి. ఆ చివరి తారీఖు నుంచి వెనక్కి లెక్కేసుకుని విత్తనం ఎంచుకోవాలి. బీపీటీ 5204 లాంటి వరి రకం దాదాపు 150 రోజులు తీసుకుంటది, ఎంటీయూ 1010 అయితే 120కే వస్తది, ఆ నెల రోజుల తేడాలో ఒకటి రెండు తడులు మిగులుతాయి. తడులు మరీ తక్కువంటే వరి మొత్తానికే వద్దు, మినుము, పెసర, శనగ, జొన్న లాంటి ఆరుతడి పంటలకి పోవడమే మంచిది. మొక్కజొన్న వేస్తే మాత్రం జల్లు, పీచు వచ్చే టైముకి తడి కచ్చితంగా పడేలా చూస్కోండి, అప్పుడు ఎండితే గింజ పట్టదు.

ఇప్పుడు లెక్క, ఇది బాగా పట్టుకోండి, ఆఫీసులో మన మాటకి బలం ఇచ్చేది ఇదే. ఒక క్యూసెక్కు, అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు 24 గంటలు పారితే 86,400 ఘనపుటడుగులు, అంటే సుమారు 12 ఎకరాల్లో రెండంగుళాల తడి. మీ మైనర్ (మేజర్ నుంచి చీలే చిన్న కాలువ) కింద 600 ఎకరాలుంటే ఒక్క తడికి 50 క్యూసెక్కులు ఒక రోజు పారాలి, లేదా ఐదు రోజుల ఆన్‌లో రోజూ 10 క్యూసెక్కులు. ఇది మడిలోకి చేరాల్సిన నీళ్ళు, దారిలో ఇంకిపోయేది, గండ్లలోంచి కారేది దీనికి అదనం. ఆన్ ఉన్న రోజుల్లో పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి మైనర్ తూము దగ్గర గేజ్ (నీటి మట్టం చూపే కొలబద్ద) రీడింగ్ ఫొటో తీసి టైముతో సహా నోట్‌బుక్‌లో రాయండి, ఏ గేజ్‌కి ఎన్ని క్యూసెక్కులో లస్కర్‌ని (కాలువ కాపలా చూసే మనిషిని) గానీ ఏఈని గానీ అడిగితే చెప్తారు. మాకు నీళ్ళు రావట్లేదు సార్ అంటే చూస్తాంలే అంటారు, అదే ఫలానా నాలుగు రోజులు 10 రావాల్సిన చోట 4 వచ్చాయి ఇదిగో ఫొటోలు అంటే ఎవరైనా ఆగి వినాల్సిందే. సర్వే నంబర్లు, ఎకరాలు, సంతకాలు పెట్టి అర్జీ రెండు కాపీలు రాసి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అయినా కదలకపోతే మేజర్ హెడ్ దగ్గర రోజూ ఎన్ని నీళ్ళు వదిలారో రాసే డిశ్చార్జ్ రిజిస్టర్ కాపీ ఇమ్మని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి, కాబట్టి పంట ఎండేదాకా ఆగకుండా మొదటి ఆన్‌లో తేడా రాగానే పెట్టెయ్యండి.

కాలువ పని మాత్రం నీళ్ళు రాకముందే. 1997 చట్టం కింద పెట్టిన నీటి సంఘం మీ దగ్గర పనిచేస్తుంటే వాళ్ళ ద్వారా, లేకపోతే ఊరంతా కలిసైనా సరే పూడిక, గుర్రపు డెక్క తీయించాలి. పై ఊరి రైతులతో కూడా ముందే కూర్చుని మాట్లాడండి, రాత్రి తూముల దగ్గర కొట్టుకునేదాకా తెచ్చుకోవద్దు, వాళ్ళూ మనలాంటి రైతులే, వాళ్ళకీ భయమే.

వరి వేసిన వాళ్ళు మడిలో అడుగు పొడవు పైపు, కింది సగానికి బెజ్జాలు పెట్టి, ఆ సగం మట్టిలో ఉండేలా దింపండి. లోపల నీళ్ళు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగేదాకా పైరుకి ఇబ్బంది లేదు, పైన తడి కనపడట్లేదని కంగారుపడి డీజిల్ ఇంజన్ పెట్టక్కర్లేదు. పూత దశలో మాత్రం ఇది వద్దు, అప్పుడు పలచగా నీళ్ళు నిలవాల్సిందే. నల్లరేగడి అయితే పెద్ద పగుళ్ళు రానివ్వకండి, వచ్చాయంటే తర్వాతి తడిలో సగం ఆ పగుళ్ళలోకే పోతది.

కౌలు రైతులకి ఒక్క మాట, వీళ్ళ గురించే నాకు ఎక్కువ బాధ. కాలువ వచ్చినా రాకపోయినా కౌలు కట్టాల్సిందే అన్న ఒప్పందానికి తలూపకండి. తడులు తగ్గితే కౌలు ఎంత తగ్గించాలో డబ్బులు చేతిలో పెట్టకముందే మాట్లాడుకుని, ఇద్దరు పెద్దమనుషుల ముందు కాగితం మీద రాయించుకోండి.