పేజ్‌మేకర్ తీసేయకుండానే లినక్స్: డీటీపీ కంప్యూటర్‌లో మింట్ వేసుకునే పద్ధతి

తెనాలిలో ఇంట్లోనే డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని) చేస్తాను. పెళ్ళి శుభలేఖలు, గుడి కరపత్రాలు, అప్పుడప్పుడూ రిటైరైన మాస్టార్ల కవితల పుస్తకాలు. ఈ పనిలో ఎక్కువ భాగం పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్ మీద, అను అనే తెలుగు ఫాంట్లతోనే నడుస్తుంది. అందుకే విండోస్ పీకేయమని నేను ఎవరికీ చెప్పను. విండోస్‌ని ఉన్నచోట ఉంచి, అదే కంప్యూటర్‌లో దాని పక్కన లినక్స్ కూడా వేసుకోమని మాత్రం తోటి ఆపరేటర్లందరికీ చెబుతున్నాను.

విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి వెళ్ళాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. నాది ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. నిక్షేపంలా పనిచేస్తున్న మెషీన్. దాన్ని పారేసి కొత్తది కొనే అవసరం నాకు కనపడలేదు. అలాగని అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు పనులు చేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు పేజ్‌మేకర్ పని పడితేనే విండోస్‌లోకి వెళ్తాను, అదీ నెట్ తీసేసి. మిగతాదంతా లినక్స్‌లోనే.

లినక్స్ అంటే 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం. దాని చుట్టూ అల్లిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు వందల్లో ఉన్నాయి. ఏది వేసుకోవాలని అడిగితే నా జవాబు లినక్స్ మింట్, అందులో సినమన్ ఎడిషన్. విండోస్ అలవాటున్న చేతికి కొత్తగా అనిపించదు: కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. మింట్ 22 వరస ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీయే ఉంటే సినమన్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. కేరళలో సర్కారు బడుల కంప్యూటర్లు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. పిల్లలు దిద్దుకుంటున్నది మనకెందుకు రాదు?

విండోస్‌లో ముందు చేయాల్సినవి

మొదట బ్యాకప్. పేజ్‌మేకర్ ఫైళ్ళు, కస్టమర్ల ఫొటోలు, అను ఇన్‌స్టాలర్, దాని లైసెన్సు వివరాలు, అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి. కాపీ అయ్యాక రెండు మూడు ఫైళ్ళు ఆ డిస్క్ నుంచే తెరిచి చూడండి. ఈ పని కాకుండా తర్వాతి వాక్యం చదవొద్దు.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చే పట్టికలో బయోస్ మోడ్ అనే వరస ఉంటుంది; బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్. యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా కాగితం మీద రాసుకోండి. విండోస్ ఏ మోడ్‌లో ఉందో లినక్స్ కూడా అదే మోడ్‌లో వేయాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ అయితే రెండూ ఒకే మెనూలో కనపడవు. లెగసీ అయితే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు, అంటే ప్రధాన భాగాలు, నాలుగుకు మించవు. ఇప్పటికే నాలుగూ నిండి ఉంటే ఒకటి ఖాళీ చేయకుండా లినక్స్‌కి చోటు దొరకదు.

డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ (డిస్క్‌కి వేసే తాళాలివి) ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. లాప్‌టాప్‌లలో మనం పెట్టకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఉంటే రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోంచి తీసి రాసిపెట్టుకుని, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి.

ఇక ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడమే గానీ ఏమీ రాయనివ్వదు.

చోటు చేయడం కూడా విండోస్ నుంచే చేయండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్, సీ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. అడిగే అంకె ఎంబీల్లో ఉంటుంది: 60 జీబీ కావాలంటే 61440. మింట్ అంతకంటే తక్కువలోనూ సర్దుకుంటుంది గానీ ఫొటోలు, పీడీఎఫ్‌లతో పని చేసేవాళ్ళకి 60 ఉండాలి. సీలో బోలెడు ఖాళీ ఉన్నా ష్రింక్ కొంచెమే ఇస్తానంటే, కదలని ఫైళ్ళు మధ్యలో అడ్డం పడ్డాయన్నమాట. సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్‌ఫైల్ కాసేపు ఆఫ్ చేసి రీస్టార్ట్ కొట్టి మళ్ళీ చూడండి, అయ్యాక తిరిగి ఆన్ చేసుకోవచ్చు. ష్రింక్ అయ్యాక నల్ల పట్టీతో అన్‌ఎలొకేటెడ్ అని కనపడే చోటుని అలాగే వదిలేయండి. దాన్ని కొత్త డ్రైవ్‌గా ఫార్మాట్ చేయొద్దు, లినక్స్‌కి కావాల్సింది ఆ ఖాళీయే.

పెన్‌డ్రైవ్

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా పోతుంది. మింట్ ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండేది) దాదాపు 3 జీబీ ఉంటుంది, దాని సొంత సైట్ నుంచే దించుకోండి. పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో ఆ ఫైలు ఎంచుకుని టిక్ గుర్తున్న చిన్న బటన్ నొక్కితే షా256 అంకె వస్తుంది, అది ఆ ఫైలు వేలిముద్ర లాంటిది. మింట్ సైట్‌లో ఇచ్చిన అంకెతో పోల్చండి. మన నెట్ మధ్యలో తెగి తెగి వస్తుంటుంది కాబట్టి ఈ ఒక్క నిమిషం పనికొస్తుంది. యూఈఎఫ్ఐ అని రాసుకున్నవాళ్ళు పార్టిషన్ స్కీమ్ జీపీటీ, లెగసీ వాళ్ళు ఎంబీఆర్ పెట్టి స్టార్ట్ కొట్టడమే.

కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ పూర్తి డెస్క్‌టాప్ వచ్చేస్తుంది, ఇంకా ఏదీ ఇన్‌స్టాల్ కాకుండానే. ఇక్కడ తొందరపడకండి. వైఫై తగులుతోందా, పాట వినపడుతోందా, మీ ప్రింటర్ కనపడుతోందా, టెస్ట్ పేజీ వస్తోందా చూడండి. మన గదుల్లో ఉండే కొన్ని పాత లేజర్ ప్రింటర్లకి లినక్స్ డ్రైవర్ దొరకడం కష్టం. ఆ సంగతి ఇప్పుడే తేలిపోతే మంచిది. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, ఆ వేగం చూసి తీర్పు చెప్పొద్దు.

అసలు జాగ్రత్త కావాల్సిన తెర

డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కితే భాష, కీబోర్డు, మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు నడిపేవి) అడుగుతుంది. భాష ఇంగ్లీషు, కోడెక్‌లకి టిక్. తర్వాత వచ్చేదే ఇన్‌స్టలేషన్ టైప్ తెర. మీ విండోస్ ఉండటం, పోవడం ఇక్కడే తేలుతుంది.

మూడు దారులుంటాయి. విండోస్ పక్కన వేయమనేది ఒకటి. డిస్క్ అంతా చెరిపి వేయమనేది ఒకటి, అటు వెళ్ళొద్దు. మూడోది సమ్‌థింగ్ ఎల్స్. నేను ఎప్పుడూ మూడోదే ఎంచుకుంటాను, ఎందుకంటే ఏ గడిలో ఏం జరుగుతుందో కళ్ళారా చూసి ఒప్పుకోవచ్చు. తెరిచాక పట్టికలో ఒక్కో పార్టిషన్ ఒక్కో వరసగా ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉన్న పెద్దది మీ సీ, దాన్ని ముట్టుకోవద్దు. యూఈఎఫ్ఐ వాళ్ళకి 100 ఎంబీ ప్రాంతంలో ఈఎఫ్ఐ అని చిన్నది ఉంటుంది, దానికి ఫార్మాట్ టిక్ లేకుండా చూడండి, రెండు సిస్టమ్‌లూ దాన్నే పంచుకుంటాయి. ఫ్రీ స్పేస్ అని ఇంచుమించు మీరు తీసిన సైజుతో ఒక వరస ఉంటుంది. దాని మీద క్లిక్ చేసి, కింద ప్లస్ గుర్తు నొక్కండి. సైజు అలాగే ఉంచి, రకం ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క ముందుకు వాలిన గీత, అంటే రూట్. ఓకే. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, మింట్ తనే ఒక స్వాప్ ఫైలు పెట్టుకుంటుంది. బూట్ లోడర్ (ఏ సిస్టమ్ లేవాలో అడిగే ప్రోగ్రామ్) ఎక్కడ అన్నచోట విండోస్ ఉన్న డిస్క్ పేరే ఉందో లేదో చూడండి, పెన్‌డ్రైవ్ పేరు కాదు.

ఇన్‌స్టాల్ నౌ నొక్కగానే ఏవేవి ఫార్మాట్ అవుతాయో చెప్పే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎక్స్‌ట్4 ఒక్కటే ఉండాలి. ఇంకేదైనా పేరు కనపడితే గో బ్యాక్. ఫార్మాట్, కాపీ జరుగుతుండగా కరెంటు పోతే ఇబ్బంది కాబట్టి డెస్క్‌టాప్ వాళ్ళు యూపీఎస్ మీదే ఈ పని పెట్టుకోండి. టైమ్ జోన్ కోల్‌కతా, పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక మిగతాది దానంతటదే అయిపోతుంది.

డిస్కే కనపడకపోతే? కొన్ని లాప్‌టాప్‌లలో స్టోరేజీ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో ఉంటుంది, లినక్స్‌కి ఏహెచ్‌సీఐ కావాలి. బయోస్‌లో ఉన్నపళాన మార్చేస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ తర్వాత బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిచి, మామూలు బూట్‌కి రావాలి. ఆ వరస తప్పకూడదు.

రీస్టార్ట్ అయ్యాక గ్రబ్ అనే నల్లటి మెనూ వస్తుంది. పైన లినక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. ఒకసారి విండోస్‌లోకి వెళ్ళి పేజ్‌మేకర్ తెరిచి చూసుకుంటే మనసు కుదుటపడుతుంది. గ్రబ్ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తే బయోస్‌లో బూట్ వరస మార్చి ఉబుంటు అన్న పేరు పైకి తెండి, మింట్ ఆ పేరుతోనే నమోదవుతుంది. మీ పెన్‌డ్రైవ్‌ని మాత్రం చెరపకండి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని లేవనివ్వని రక్షణ) ఉన్న చాలా డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లున్న) కంప్యూటర్లలో లినక్స్ లేవకుండా ఆగిపోయింది. అలాంటప్పుడు చేతిలో పెన్‌డ్రైవ్ ఉన్నవాడికి దారి ఉంటుంది.

విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయిందని చాలామంది కంగారుపడతారు. విండోస్ మదర్‌బోర్డు మీది గడియారాన్ని మన టైముగా చదువుతుంది, లినక్స్ దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) పెడుతుంది, తేడా సరిగ్గా 5:30. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొడితే ఇద్దరూ ఒకే మాట మీదికొస్తారు.

తెలుగు

ఈ శ్రమంతా నేను పడమంటున్నది దీనికోసమే. ఇప్పుడు కస్టమర్ శుభలేఖ మాటర్ వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో (ఫోన్లలో, నెట్‌లో వాడే ప్రామాణిక తెలుగు) పంపుతున్నాడు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ తెలియదు. మళ్ళీ కంపోజ్ చేయడమో, కన్వర్టర్‌లో వేసి తప్పులు దిద్దుకోవడమో తప్పదు. మింట్‌లో లిబ్రెఆఫీస్ (రాతపనికి), ఇంక్‌స్కేప్ (బొమ్మలకి), స్క్రైబస్ (పేజీలు కూర్చడానికి) మూడూ ఆ మాటర్‌ని ఉన్నదున్నట్టు తీసుకుంటాయి. 'రాష్ట్రం', 'లక్ష్మీ' లాంటి మాటలు వేసి చూడండి, ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. స్క్రైబస్ సీఎంవైకే (ప్రెస్సుకి కావాల్సిన నాలుగు రంగుల) పీడీఎఫ్ కూడా ఇస్తుంది.

టైపింగ్‌కి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) అని వెతికి వేసుకోండి. మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన అనే కీబోర్డు కూర్పులు వరసగా కనపడతాయి. అనులో ఆపిల్ కీబోర్డు మీద చేయి తిరిగినవాళ్ళు అదే ఎంచుకోండి. కీల కూర్పు చాలామటుకు కలుస్తుంది, తేడా ఉన్న కొద్ది కీలూ వాడుతుంటే పట్టుబడతాయి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది.

ఫాంట్లకి కొదవ లేదు. పోతన, వేమన పుస్తకం బాడీకి బాగుంటాయి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసినవాటిలో మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, రామభద్ర హెడ్డింగులకి నిండుగా వస్తుంది. అన్నీ ఉచితం, పుస్తకంలో వాడినా ఎవరూ అడగరు. దించుకున్న ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొట్టడమే. శుభలేఖల్లో కస్టమర్లు అడిగే అలంకారపు అక్షరాల దగ్గర మాత్రం అనుకి ఇంకా సాటి రాలేదు. అందుకే నా పేజ్‌మేకర్ ఉన్నచోటే ఉంది.

ఎప్పుడైనా లినక్స్ వద్దనుకుంటే ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, అది గ్రబ్ లేకుండా నేరుగా లేస్తోందని చూసుకోండి. ఇది యూఈఎఫ్ఐ వాళ్ళకి. లెగసీ వాళ్ళు విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో ఎంబీఆర్ సరిచేసుకోవాలి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మింట్ పార్టిషన్ డిలీట్ చేసి, సీ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ కొట్టండి. ఖాళీ చోటు సీకి ఆనుకుని కుడి పక్కనే ఉంటేనే ఆ బటన్ పనిచేస్తుంది.