పెరటి పుటింగ్ గ్రీన్: బంతి దారి తప్పితే ఎక్కడ వెతకాలి

గోల్ఫ్ బంతిని రంధ్రంలోకి దొర్లించడం సాధన చేయడానికి ప్లాస్టిక్ గడ్డితో పెరట్లో వేసుకునే పుటింగ్ గ్రీన్ పాడైందనిపించగానే చాలామంది కొత్త గడ్డి రేటు కనుక్కోవడం మొదలుపెడతారు. తొందరపడకండి. ప్లాస్టిక్ గడ్డి అంత త్వరగా చెడిపోదు. పైన కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం కింద ఉన్న మొరం, కంకర, డస్ట్ (క్రషర్‌లో వచ్చే రాతి పొడి) పొరల్లోనే పుడతాయి. ఒక అంచున మేకులు పీకి, గడ్డి మడిచి కింద చూడండి. కొనడం సంగతి తర్వాత.

బంతి ప్రతిసారీ ఒకేచోట పక్కకు తిరుగుతోంది

మేస్త్రీ దగ్గర ఉండే అల్యూమినియం బద్ద అడిగి తెచ్చుకోండి. దాన్ని ఆ చోట అటూ ఇటూ తిప్పి పెట్టి, నేలకు కళ్లు ఆనించినట్టు వంగి చూడండి. బద్ద కింద వెలుతురు కనిపిస్తే అక్కడ గుంట ఉంది. బద్ద ఊగితే ఉబ్బు ఉంది.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల ఎర్ర చెలక నేలల్లో ఎక్కువగా వచ్చేది గుంట. డస్ట్ పొరను సరిగా కొట్టకుండానే గడ్డి పరిచేసి ఉంటారు, మొదటి వానకే అది కుంగుతుంది. గడ్డి మడిచి, ఆ చోట పైపొరను గీకి వదులు చేసి, క్రషర్ డస్ట్ పోసి, తడిపి దిమ్మిసతో కొట్టాలి. డస్ట్ పొడిగా ఉంటే ఎంత కొట్టినా కూరుకోదు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి మాత్రం నీళ్లు కారకూడదు. అదీ సరైన తడి. గుంట లోతుగా ఉంటే ఒకేసారి నింపొద్దు, రెండు మూడు పొరలుగా కొట్టండి.

నల్లరేగడి కథ వేరు. అలంపూర్ వైపు, కాలువల కింద పొలాల్లో కట్టుకున్న ఇళ్ల దగ్గర ఇదే తలనొప్పి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. జూన్‌లో సాపుగా ఉన్న గ్రీన్ సెప్టెంబర్‌కు అలలు తేలుతుంది. పైన ఎంత డస్ట్ పోసినా లాభం లేదు. అడుగు నుంచి అడుగున్నర లోతు రేగడి తీసేసి, మొరం ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి ప్లేట్ కంపాక్టర్‌తో (నేలను అదిమే యంత్రం) కొట్టాలి. ఖర్చే, కాదనను. కానీ రేగడి నేల మీద ఈ పని దాటేసి గ్రీన్ వేయడం కంటే అసలు వేయకపోవడం మేలు.

ఇక మూడోది పందికొక్కు. నిన్నటిదాకా బాగున్న చోట రాత్రికి రాత్రే గుంట పడితే ప్రహరీ పొడవునా బొరియ కోసం చూడండి. గాజు పెంకులు కలిపిన కాంక్రీటుతో బొరియ మూసి, ఆ తర్వాతే నేల సరిచేయండి.

బంతి మరీ నెమ్మదిగా, లేదా మరీ జోరుగా పోతోంది

ఊహ మీద ఆధారపడకండి, కొలవండి. గోల్ఫ్ మైదానాల్లో దీనికి స్టింప్‌మీటర్ వాడతారు. 36 అంగుళాల గాడి బద్ద అది. ఒక చివర నేలకు ఆనించి రెండో చివర మెల్లగా ఎత్తుతుంటే, సుమారు 20 డిగ్రీల వాలు దగ్గర గంటులోంచి బంతి జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే అదే వేగం. ఇంట్లో వి ఆకారపు అల్యూమినియం ముక్కతో చేసుకున్నా అంచనా దొరుకుతుంది. ఇంటి గ్రీన్‌కు 8 నుంచి 10 అడుగులు హాయిగా ఉంటుంది.

ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి వదలండి. రెంటికీ చాలా తేడా ఉంటే నేల వాలో, గడ్డి పోగులు ఒకవైపు వాలడమో కారణం. రెండువైపులా నెమ్మదే అయితే పోగుల మధ్య నింపే ఇసుక చాలలేదన్నమాట. పొడి సిలికా ఇసుకను పలుచగా చల్లి, గట్టి కుంచె చీపురుతో పోగులకు ఎదురు ఊడ్చి, మళ్లీ కొలవండి. సిలికా దొరకలేదని క్రషర్ డస్ట్ చల్లొద్దు, అది గడ్డి అడుగున నీరు దిగే రంధ్రాలను పూడ్చేస్తుంది. జోరు ఎక్కువైతే ఎదురు ఊడ్చి పోగులు లేపండి, అది చాలకపోతే కొంత ఇసుక తీసేయండి.

వాన వెలిసినా నీళ్లు నిలుస్తున్నాయి

ముందు రంధ్రాలు చూడండి. వేపాకు రాలే కాలంలో ఊడ్వకపోతే ఆకు పొడి, దుమ్ము కలిసి అట్ట కట్టి మూసేస్తాయి. అవి బాగానే ఉంటే వాలు లేదు. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు, నీళ్లు ఇంటి నుంచి అవతలికి పోయేలా ఉండాలి. ట్యూబ్ లెవల్‌తో (మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం) నిమిషాల్లో తేలిపోతుంది.

కప్పు అంచున బంతి ఎగిరిపోతోంది

కప్పు అంటే బంతి పడే రంధ్రం. దాని చుట్టూ పోసిన కాంక్రీటు కదలదు, దాని పక్క డస్ట్ మాత్రం కుంగుతుంది. అందుకే అంచు లేచినట్టవుతుంది. గడ్డి లేపి, కప్పు చుట్టూ రెండడుగుల మేర డస్ట్ నింపి, మెల్లగా తగ్గిస్తూ పోవాలి. కప్పు లైనర్ (రంధ్రంలో దించే గొట్టం) పైఅంచు కూడా ఉపరితలానికి కనీసం ఒక అంగుళం కింద ఉండాలి.

కొందరు 110 ఎంఎం పీవీసీ పైపు ముక్కనే కప్పుగా పెడతారు. ఆ కొలత పైపు బయటిది. గోల్ఫ్ రంధ్రం 108 ఎంఎం, పైపు లోపల అంత ఉండదు. "అంచున తగిలి బయటికొచ్చేస్తోంది" అనే ఫిర్యాదుకు కొన్నిసార్లు ఇదే కారణం. కప్పులో నీళ్లు నిలవకుండా అడుగు తెరిచి కంకర పోయండి, లేదంటే దోమలకు నిలయం అవుతుంది.

అతుకు విచ్చుకుంది, లేదా గడ్డి ముడతలు పడింది

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో పరిచిన గడ్డి సాగి ఉంటుంది, చలికాలంలో ముడుచుకుని అతుకు దగ్గర సందు వస్తుంది. చలి పొద్దున పరిచింది వేసవిలో ముడత పడుతుంది. మధ్యస్థమైన రోజు చూసి, రోల్ విప్పి కొన్ని గంటలు అలాగే వదిలేసి, తర్వాత కోయండి. విచ్చుకున్న అతుక్కు పాత టేపు తీసేసి, కింద పూర్తిగా ఆరాక కొత్త టేపు, గమ్ వేయాలి. రెండు ముక్కల పోగులూ ఒకే దిక్కుకు వాలాలి. లేకపోతే అతుకు నిలిచినా రంగు తేడా, బంతి తేడా పోవు.

గడ్డి గీతలుగా కరిగింది

ఎండ వేడికే కరిగిందనుకోకండి. ఎదురుగా మెరిసే అద్దాల కిటికీ ఉందేమో చూడండి. అద్దం మీద పడి తిరిగొచ్చిన ఎండ ఒకచోట పోగై పోగులను కరిగిస్తుంది. కిటికీ బయట జాలీ కట్టించాకే ఆ ముక్క మార్చండి. దీపావళి చిచ్చుబుడ్డి మచ్చలకైతే ముక్క మార్చడమే మార్గం, అందుకే రోల్‌లో మిగిలిన ముక్కలు పారేయకూడదు.

తెల్ల పూత కనిపిస్తే అది బోరు నీటి ఉప్పు. పలుచని వెనిగర్ నీళ్లతో రుద్ది మంచినీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. తుంగ పొడుచుకొస్తే పైకి లాగొద్దు, గడ్డ లోపలే ఉండిపోతుంది. అంచు లేపి గడ్డతో సహా తవ్వేయండి.