బడిలో ఐదు నిమిషాల మౌనం: పాటింపజేసే పద్ధతి, పడవలసిన జాగ్రత్తలు

మా పాలమూరు, నల్గొండ పల్లెబడుల్లో పిల్లలకు తెలిసిన మౌనం ఒకటే: నోటి మీద వేలు, సుద్దముక్కతో నిలబడిన క్లాస్ లీడర్, మాట్లాడినవారి పేర్లతో నిండిన బోర్డు. మౌనసాధన మొదలుపెట్టదలచిన ఉపాధ్యాయులు ముందుగా ఆ పేర్లను చెరిపివేయాలి. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. పీరియడంతా నోటి మీద వేలు వేయించి నిలబెట్టడం ఆ హద్దుకు ఎంతో దూరంలో లేదు.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ దీనికి అనువైనది, ఎందుకంటే ఎండలో ఆడివచ్చిన పిల్లలు చెమటతో, సగం తెగిన తగవులతో అప్పుడే కూర్చుంటారు. మొదటి వారం రెండు నిమిషాలు చాలు; ఆ తర్వాతైనా ఐదు దాటించవద్దు. కళ్లు మూసుకోమని పట్టుబట్టకుండా, వినిపించే చప్పుళ్లను లెక్కపెట్టమంటే వంటమనుషులు గిన్నెలు తోమడం, ఫ్యాను కిర్రుమనడం, దూరాన బోరు మోటారు అన్నీ వారి లెక్కలోకి వస్తాయి. చిన్న తరగతులకు ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి చూపిన ఆట మేలు: గది నిశ్శబ్దమయ్యాక ఉపాధ్యాయుడు ఒక్కొక్కరి పేరు గుసగుసగా పిలుస్తాడు, పిలుపు విన్నవారు అడుగుల చప్పుడు లేకుండా లేచి వస్తారు. ఆ సమయంలో మనం నోటు పుస్తకాలు దిద్దుతూనో ఫోన్ చూస్తూనో ఉంటే పిల్లలు ఇట్టే పసిగడతారు.

ప్రయోజనం త్వరగానే కనిపిస్తుంది. గొంతు పెంచకుండా పాఠం మొదలవుతుంది. ముందు బెంచీవారు జవాబు అరిచేలోపు వెనుక బెంచీవారికి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది.

నష్టాలు మాత్రం అంత తేలికగా కంటపడవు. తల్లిదండ్రులు ముంబయికి వలస పోగా నాయనమ్మ దగ్గర ఉంటున్న ఐదో తరగతి పిల్లవాడు ఒకడు, మౌనం మొదలైన ప్రతిసారీ చొక్కా కింది గుండీని తిప్పుతూ కూర్చునేవాడు. నేను దానిని ఏకాగ్రత అనుకున్నాను. ఒకనాడు గుండీ ఊడి చేతికి రాగానే వాడు ఏడ్చాడు. ఆటల్లో మరిచిన ఇల్లు ఆ రెండు నిమిషాల్లోనే గుర్తుకు వస్తున్నదని అప్పుడు తెలిసింది. మరునాటి నుండి ఆ వేళకు వాడిని మొక్కలకు నీళ్లు పోయడానికి పంపాను. గాంధీజీ సోమవారాల మౌనం ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. పిల్లలకు ఆ ఎంపిక లేదు గనుక, వద్దన్నవారికి వేరే పని చూపాలి.

మౌనం అర్ధాంగీకారమనే మాట తరగతిలో మరీ ప్రమాదం. "అర్థమైందా?" అన్నప్పుడు ఎవరూ పలకకపోతే పాఠం ముందుకు సాగిపోతుంది, కుళాయి పాడైనా, ఎవరైనా ఏడిపించినా చెప్పకపోవడం అలవాటవుతుంది. అందుచేత మౌనం ముగియగానే అంతే సమయం మాటకు ఇవ్వాలి, అందులో మొదటి అవకాశం ఆనాడు హాజరు పిలిచినప్పుడు "ఎస్ సార్" తప్ప మరో మాట పలకని బిడ్డకు ఇవ్వాలి.